నలభై అడుగుల చీకటి

ఇది మూడు ఖండాల కథ. ఇందులో దారి మళ్ళిన ఓడలున్నాయి, పరాయి దేశపు అధికారులున్నారు, ఒక నేరం ఉంది, ఆ నేరానికి సాక్ష్యంగా ఒక ఫోటో ఉంది, ఒకావిడ అందరి ముందూ నిలబడి నిజం చెప్పడం కూడా ఉంది. ఇలా మొదలుపెట్టి ఒక మహాగాథ రాసేద్దామనే కూర్చున్నాను. కూర్చున్నాక సరుకు ఎంతుందో చూసుకుంటే సంగతి తేలిపోయింది. ఓడని నేను దగ్గర్నుంచి చూసింది లేదు. సముద్రం మాకు గంటన్నర దూరం, అదైనా కథలోకి రాదు. ఉన్నదల్లా పలివెల దగ్గర ఒక కొబ్బరిపొట్టు యార్డు, అందులో ఒక ఖాళీ కంటైనరు, దాని ముందు చీపురు పట్టుకుని నిలబడిన మంగాయమ్మ గారు. నేరం అన్నానే, అది గుప్పెడు వడ్లు.

ఈ ఉదయం ఖాళీ కంటైనరు ఒకటి వచ్చింది. లోపలికెక్కి, తలుపులు మూయమని చెప్పి, చీకట్లో నిలబడ్డాను. తుప్పు వాసన, పాత రంగు వాసన, చెమ్మగిల్లిన చెక్క నేల వాసన, వాటన్నిటి అడుగున ఇంకేదో ఘాటు. నా ముక్కు తేల్చుకునేలోపే చెవిలో మంగాయమ్మ గారి గొంతు వినబడింది: "వెల్లుల్లి. సందేహం లేదు." దెయ్యం కాదు లెండి. ఆవిడ రాజోలు దగ్గర చెల్లెలింట్లో మోకాళ్ళకి నూనె రాసుకుంటూ నిక్షేపంగా ఉన్నారు. మనిషి పోతే తప్ప ఇలాంటి జ్ఞాపకాలు రాయకూడదన్న నియమం ఏదైనా ఉంటే ముందే క్షమించండి. ఇది చదివితే ఆవిడ మాత్రం క్షమించరు.

మీరు ఆవిణ్ణి చూడలేదు కాబట్టి ముందు మా పని చెప్పాలి. మా వైపు కొబ్బరికాయలు ఒలిచాక మిగిలే డొక్కల్లోంచి పీచు తీస్తారు. పీచు తీశాక రాలే గోధుమరంగు పొట్టు ఒకప్పుడు రోడ్డు పక్కన గుట్టలుగా పడి ఉండేది, వానొస్తే కాలవలోకి పోయేది. ఇప్పుడు దాన్నే మంచినీళ్ళతో కడిగి ఉప్పు వదలగొట్టి, ఎండబెట్టి, మిషన్లో నొక్కి దిమ్మలు చేసి హాలెండు పంపిస్తాం. అక్కడ అద్దాల ఇళ్ళల్లో, మట్టి లేకుండా, ఈ పొట్టులోనే టమాటాలు పండిస్తారట. మా పెరట్లో మా అమ్మ నాటిన టమాటా మొక్క ఇంతవరకు ఒక్క కాయ కాసిన పాపాన పోలేదు. టమాటాలు కాసే నేలని మాత్రం ప్రపంచానికి మేమే సరఫరా చేస్తాం. నేను ఆ యార్డులో కాగితాల గుమస్తాని. అమలాపురంలో బీకాం చదివి, అమీర్‌పేటలో ఆరు నెలలు ఏదో నేర్చుకుని, అది ఎవరికీ అక్కర్లేదని తెలిసి తిరిగొచ్చిన బాపతు. సరుకు ఎంత బరువుంటుందో దానితో వెళ్ళే కాగితాలు ఇంచుమించు అంతే ఉంటాయని అక్కడే తెలిసింది.

మంగాయమ్మ గారు కంటైనరు నింపే పనికి పెద్ద. ఏడో తరగతి దాకా చదివారు. పదకొండేళ్ళు కువైట్‌లో ఒక ఇంట్లో వంటా, గిన్నెలూ చూసి, తిరిగొచ్చి యార్డులో పొట్టు ఎండబెట్టే పనిలో చేరి, ఎవరూ నియమించకుండానే పర్యవేక్షకురాలైపోయారు. నేను చేరిన మొదటి రోజే పిలిచారు. "పేపర్ల బాబు గారూ, ఇలా రండి. చదువుకున్నోరు గదా, ఇదొకటి చదువుదురుగాని." పక్కన నిలబడి చెయ్యి అందిస్తే ఎక్కాను. ఆవిడా ఎక్కి, బయట ఉన్న మనిషితో "ముయ్యండి" అన్నారు. ఇనుప కడ్డీలు పడ్డ చప్పుడు. నలభై అడుగుల చీకటి. మొదటి రోజు ఉద్యోగంలో ఇలాంటిది ఉంటుందని నియామక పత్రంలో లేదు.

"ఏం కనబడతందండి?"

"ఏమీ కనబడట్లేదండి."

"సరిగ్గా చూడండి. పైన చూడండి. మూలలు చూడండి. తలుపు రబ్బరు దగ్గర చూడండి."

మెడ తిప్పగలిగినన్ని వైపులు తిప్పాను. "నిజంగానే ఏమీ లేదండి."

"ఆయ్, మనకి కావాల్సింది అదే. ఎక్కడన్నా చుక్క వెలుతురు కనబడిందంటే అక్కణ్ణించి చుక్క నీళ్ళొస్తాయి. ఓడ మీద వాన మన వానలా ఉండదు."

"మీరు ఓడెక్కేరాండి?"

"విమానం ఎక్కేను. కిటికీ పక్కన కూచోపెట్టలేదు." తర్వాత తలుపు మీద మూడుసార్లు బాదారు. బయటి మనిషి తీశాడు. ఏమీ కనబడకపోతే సంతోషించే ఉద్యోగం నాకు దొరికిందని ఆ సాయంత్రం ఇంట్లో చెప్పాను. ఎప్పుడూ నీకు అదే దొరుకుతుందని మా నాన్న అన్నారు.

వెలుతురు చూశాక వాసన చూడడం ఉండేది. వచ్చిన డబ్బా అంతకు ముందు ఏం మోసుకొచ్చిందో ఆవిడ చెప్పేవారు. ఇది టైర్లు, ఇది సబ్బులు, ఇది పిల్లల ప్లాస్టిక్కు బొమ్మలు. దాని పాత సరుకు ఏమిటో మాకు ఎవరూ చెప్పరు, మేం అడిగినా తెలియదు. కాబట్టి ఆవిడ అంచనా ఒక్కసారి కూడా తప్పలేదు. నవ్వేవాణ్ణి గానీ, ఆ ఆట వల్ల నాకొకటి అర్థమైంది. ఈ డబ్బా మా ఊరి కోసం పుట్టలేదు. ఎక్కడో సబ్బులు దించి, మా పొట్టు ఎక్కించుకుని, రేపు ఇంకెక్కడో ఇంకేదో ఎక్కించుకుంటుంది. దాని జీవితంలో మేం ఒక పూట. ఆ పూటకి మంగాయమ్మ గారు ఇల్లు ఊడ్చినట్టు దాన్ని ఊడ్చేవారు.

ఆ డబ్బా మా దాకా రావడం కూడా చిన్న విషయం కాదు. విశాఖ రేవు నుంచి రాజమార్గం మీద దర్జాగా వచ్చి, జొన్నాడ దగ్గర గోదావరి దాటి, రావులపాలెంలో ఇటు తిరిగాక దాని దర్జా అయిపోతుంది. ఒక పక్క కాలవ, ఇంకో పక్క కొబ్బరిమట్టలు, నెత్తిన కరెంటు తీగలు. అందుకని సత్తిబాబు అనే మనిషి చివర పంగ ఉన్న వెదురు కర్ర పట్టుకుని ట్రైలరు ముందు నడుస్తాడు. తీగ వచ్చినచోటల్లా పైకెత్తి పట్టుకుంటాడు, కింద నుంచి కంటైనరు వెళుతుంది. ప్రపంచ వ్యాపారం గురించి పెద్ద పుస్తకాల్లో రేవులూ, ఓడలూ, క్రేన్లూ ఉంటాయి. సత్తిబాబు కర్ర వాటిలో నాకు ఇంతవరకు తగల్లేదు. అతనికి జ్వరమొస్తే ఆ రోజు కోనసీమకీ ఐరోపాకీ సంబంధాలు తెగిపోయినట్టే.

మంగాయమ్మ గారి నియమాలు చాలా ఉండేవి. కంటైనరులోకి చెప్పులు రాకూడదు, టిఫిను డబ్బా రాకూడదు, తల్లో పూలు రాకూడదు. ఆకు, గింజ, మట్టి, పురుగు, ఏది కనబడినా అవతలి రేవులో మొక్కల అధికారులు సరుకు ఆపేస్తారు. ఒకరోజు సగం నింపాక ఒకావిడ జడలోంచి కనకాంబరం ఒకటి రాలిందని ఎవరో అన్నారు. మంగాయమ్మ గారు పని ఆపించి, దిమ్మలు తీయించి, ఆరుగురు ఆడవాళ్ళ చేత దీపాలు పట్టించి వెతికించారు. అరగంట తర్వాత అది ఆ పువ్వు పెట్టుకున్నావిడ చీర మడతలోనే దొరికింది.

"ఒక్క పువ్వుకి ఇంత అవసరమాండి?" అన్నాను.

"అబ్బాయ్," అన్నారు. అప్పటికి గౌరవం తగ్గి ప్రేమ మొదలైంది. "కువైట్‌లో మా మేడం గారింట్లో ఒక వారం ఆ పిల్లలు తినే పెరుగు రాలేదు. ఏదో దేశం నుంచి రావాల్సిన ఓడ ఆలస్యం అంట. ఆవిడ ఓడవాణ్ణి తిట్టిందా? కొట్టువాణ్ణి తిట్టిందా? వారం రోజులు నన్ను తిట్టింది. ఎక్కడ ఏది ఆగినా తిట్లు చివరికి గిన్నెలు కడిగేదాని దగ్గరకి వస్తాయి. ఇక్కడ ఒక పువ్వు తప్పిపోయిందంటే అక్కడ తిట్లు తినేది ఎవతో నీకు తెలుసా? నాకు తెలుసు."

దీనికి జవాబుగా చెప్పదగ్గ వెటకారం నా దగ్గర ఒకటి ఉంది కానీ, ఎందుకో వాడలేదు.

అసలు సంగతి ఒక వేసవిలో జరిగింది. ఎర్ర సముద్రం వైపు ఓడల మీద దాడులని టీవీలో చెప్పారు. అది మాకు సంబంధించిన వార్త అనిపించలేదు. రెండు వారాలకి ఖాళీ కంటైనర్లు రావడం ఆగిపోయింది. ఓడలన్నీ ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళుతున్నాయట, వెళ్ళినవి త్వరగా తిరిగి రావట్లేదట. యార్డులో దిమ్మలు పేరుకుపోయాయి. కొత్త పొట్టు ఆరబెట్టడానికి చోటు లేక ముప్ఫై మంది ఆడవాళ్ళలో సగం మందిని రావద్దన్నారు. యజమాని రాజు గారు నన్ను తిట్టారు. నేను రవాణా కంపెనీవాణ్ణి ఫోనులో తిట్టాను. అతను ఎవరిని తిట్టాడో తెలియదు. మంగాయమ్మ గారు చెప్పిన గిన్నెలు కడిగే మనిషి కోసం తిట్లన్నీ వెతుక్కుంటున్నాయి. చివరికి దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలు అయ్యే వేళకి ఒక కంటైనరు దొరికింది. సత్తిబాబు తీగలెత్తాడు, మంగాయమ్మ గారు ఊడ్చారు, చీకట్లో నిలబడ్డారు, చూడాల్సినవన్నీ వరసగా రాసి ఉండే తనిఖీ పట్టీ మీద సంతకం పెట్టారు. నింపుతున్నంతసేపూ నేను నియమం ప్రకారం ఆరు ఫోటోలు తీసి కొనేవాళ్ళకి పంపాను. తలుపు మూసి సీలు వేశాం. డబ్బా వెళ్ళిపోయింది.

రెండు నెలలకి హాలెండు నుంచి ఉత్తరం వచ్చింది. దానితో ఒక ఫోటో. కంటైనరు లోపల గోడ పైకొసన, కొక్కేనికి తేమ పీల్చుకునే సంచీ వేలాడుతోంది. మేం పెట్టిందే. దాని వెనక ఎర్రదారంతో కట్టిన వరికంకుల కుచ్చు. మా వైపు కొత్త పంట రాగానే పిచ్చుకల కోసం ఇంటి చూరుకి కడతామే, అదే. రెండు గింజలు తెల్లగా మొలకెత్తాయి. సంచీ పనితనం అంత బాగుంది. మొలకెత్తే గింజ సరుకులో ఎలా వచ్చిందో రెండు రోజుల్లో రాతపూర్వకంగా చెప్పాలనీ, ఆ జవాబును బట్టి మా దగ్గర కొనడం కొనసాగించాలో లేదో ఆలోచిస్తామనీ రాశారు. వాళ్ళు తప్ప మాకు ఇంకో పెద్ద కొనుగోలుదారు లేరు.

రాజు గారు అప్పటికప్పుడు దారి చూశారు. "ఖాళీ డబ్బా కదరా అది. అంతకు ముందు ధాన్యం మోసి ఉంటుంది. పాత సరుకులోది మిగిలిపోయిందని రాసెయ్." నేను రాసేశాను. నా ఇంగ్లీషు నిజాలు చెప్పేటప్పుడు తడబడుతుంది గానీ అబద్ధాలకి చక్కగా వస్తుంది. తనిఖీ చేసింది మంగాయమ్మ గారు కాబట్టి ఆవిడ సంతకం కూడా కావాలి. పిలిపించారు. తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చారు. నేను ఉత్తరం తెలుగులో చెప్పాను. ఆవిడ ఫోటో వైపు చాలాసేపు చూశారు.

"అది నేనే కట్టేనండి."

రాజు గారు కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూర్చున్నారు. "మీరా? కనకాంబరానికి సరుకంతా దింపించిన మీరా?"

"ఆయ్."

"ఎందుకండీ?"

"ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్తందన్నాడండి ఈ అబ్బాయి. ఎన్ని రోజులు పడతాదో తెలీదన్నాడు. లోపలంతా చీకటి. ఇంట్లో కొత్త కంకులున్నాయి. చేతులు ఊరుకోలేదండి." మళ్ళీ ఫోటో వైపు చూసి అన్నారు, "నేను కువైట్ వెళ్ళినప్పుడు మా అమ్మ సంచిలో ఇలాంటిదే పెట్టింది. అక్కడ దిగ్గానే లాగి చెత్తబుట్టలో పడేసేరు. తీసుకెళ్ళకూడదని నాకు తెలుసండి. తెలిసే కట్టేను. అందుకే సంచీ వెనకాల కట్టేను."

"సరే, అయిందేదో అయింది. పాత సరుకని రాశాం, సంతకం పెట్టండి."

"పెట్టనండి."

"మంగాయమ్మ గారూ, వీళ్ళు పోతే ముప్ఫై మందికి పనుండదు. మీతో సహా."

"నాతో సహా అండి. కానీ పాత సరుకులోదంటే నేను లోపల చూడకుండా సంతకం పెట్టినట్టు గదండి? తొమ్మిదేళ్ళలో ఒక్క డబ్బా చూడకుండా పంపలేదు. వడ్లు కట్టేను, అది తప్పు. తిట్టండి, మానిపించండి. చూడలేదని మాత్రం రాయకండి."

రాజు గారు నా వైపు తిరిగి, "ఏరా, నువ్వేమంటావ్?" అన్నారు. ఇలాంటి ఘట్టాల్లో ఏదో ఒక జోకు వేసి తప్పించుకోవడం నా వృత్తి. ఆ రోజు ఏదీ తట్టలేదు. రాసింది కొట్టేసి, ఖాళీ కంప్యూటరు తెర ఆయన వైపు తిప్పాను. ఆయన దాన్ని చూసి, "సరే, నిజమే రాసి ఏడు" అని బయటికి వెళ్ళిపోయారు. కుచ్చు మా పర్యవేక్షకురాలు కట్టిందనీ, పక్షుల కోసం ఇళ్ళకి కట్టే ఆచారమనీ రాశాను. మూసిన ఇనుప డబ్బాలో ఏ పక్షుల కోసమని వాళ్ళు అడిగితే ఏం చెప్పాలో మాత్రం తేల్చుకోలేకపోయాను.

రెండు రోజులు ఎవరూ ఎవరితో సరిగ్గా మాట్లాడలేదు. పొట్టు ఎండబెట్టే ఆడవాళ్ళు కూడా నా కిటికీ వైపు చూస్తూ పొట్టు తిరగేసే గోకుడు కర్రలు లాగారు. మూడో రోజు జవాబొచ్చింది. మీ వివరణ అందింది. మీరు లోడింగు రోజున పంపిన నాలుగో ఫోటోతో అది సరిపోయింది. కుచ్చు కాల్చేశారు, కంటైనరుకి మందు పొగ పట్టి వదిలేస్తున్నారు. ఇకమీదట మీ తనిఖీ పట్టీలో 'అలంకరణ వస్తువులు లేవు' అన్న వరుస ఒకటి చేర్చగలరు. తర్వాతి కంటైనరు ఎప్పుడు? అంతే. నిజాయితీని మెచ్చుకుంటున్నామని ఒక్క ముక్కైనా లేదు.

నాలుగో ఫోటో ఏమిటా అని వెతికి తీశాను. నేను తీసిందే, నేను పంపిందే. దిమ్మల వరుసలు కనబడాలని తీశాను. దిమ్మల వెనక, మునివేళ్ళ మీద నిలబడి, చెయ్యి పైకి చాచి కుచ్చు కడుతున్న మంగాయమ్మ గారు. ఎర్రదారం కూడా కనబడుతోంది. పాత సరుకులోదని రాసి ఉంటే ఏమై ఉండేదో ఆలోచించాను. తర్వాత ఆలోచించడం మానేశాను. ఫోను పట్టుకుని యార్డులోకి వెళ్ళి ఆవిడకి చూపించాను.

"దీని సంగతి మీకు తెలుసాండి?"

"తెలీకేం. నువ్వు ఎదురుగా నిలబడి తీస్తన్నావు గదా."

"మరి నాకు చెప్పలేదేం?"

ఆవిడ చీపురు పక్కన పెట్టారు. "నువ్వు చూస్తన్నావనుకున్నాన్రా. ఏమీ అనలేదు. సరేలే, కాగితాలు తెలిసినోడు ఊరుకున్నాడంటే పర్లేదేమో అనుకున్నాను. నువ్వు వద్దంటే అప్పుడే తీసేద్దును."

"నేను దిమ్మలు లెక్కపెడుతున్నానండి."

"మరి చూసేవా?"

"చూడలేదండి."

ఆవిడ చీపురు తీసుకుని మళ్ళీ ఊడవడం మొదలుపెట్టారు. కసురుకున్నా బాగుండేది.

తర్వాత చెప్పుకోదగ్గది లేదు. యార్డు నడుస్తోంది, సగం మంది కాదు, అందరూ పనికి వస్తున్నారు. రాజు గారు మంగాయమ్మ గారిని ఒక నెల కంటైనరు దగ్గరికి వెళ్ళొద్దన్నారు. ఆ నెలంతా ఆవిడ దూరంగా అరుగు మీద కూర్చుని నా చేత ఊడిపించారు, మూలలు మళ్ళీ మళ్ళీ చూపించారు. నెల అయ్యాక ఆవిడ తిరిగొచ్చారు గానీ, ఇంకో ఏడాదికే ట్రైలరు ఎత్తుకి మోకాళ్ళు సహకరించక మానేశారు. వెళ్ళే రోజున నేను ఏదో పెద్ద మాట చెప్పబోతుంటే, "నీ వెటకారం దాచుకో, అవసరం పడతాది" అని ఆటో ఎక్కేశారు. పట్టీలో పదమూడు వరుసల కింద పద్నాలుగోది ఇప్పటికీ ఉంది. దాని ఎదుట టిక్కు పెట్టేటప్పుడల్లా నేను కొక్కేల వైపు తలెత్తి చూస్తాను. ఫోటో తీశాక ఆ ఫోటోని కూడా ఒకసారి చూస్తాను. ఆవిడ దగ్గర నేను నేర్చుకున్నది ఇంతకన్నా గొప్పగా చెప్పాలని ప్రయత్నించాను, కుదర్లేదు.

ఈ ఉదయం వెల్లుల్లి చీకట్లో నిలబడి పైన చూశాను, మూలలు చూశాను, రబ్బరు దగ్గర చూశాను. ఎక్కడా చుక్క వెలుతురు లేదు. తలుపు మూడుసార్లు బాదాను. బయట సత్తిబాబు ఫోనులో మాట్లాడుతున్నాడు కాబట్టి ఇంకో మూడుసార్లు బాదాను. కంటైనరు తలుపులకి లోపలివైపు పిడి ఉండదు. బయట ఒక మనిషి ఉండాలి.